పిస్టల్ సహిత సింగరయ్య

పిస్టల్ పోటీల్లో గురి కొట్టే కందికట్ల సింగరయ్యకి యాభై నాలుగో ఏట చెయ్యి బాగానే ఉంది, కన్నే మొండికేసింది. పిస్టల్ గొట్టం చివర ఉండే చిన్న ఇనప మొలక మీద చూపు నిలిపితే, ఎదురుగా ఉన్న గురి నీళ్ళు పడ్డ సిరా అక్షరంలా అలుక్కుపోయేది. గురి మీద నిలిపితే మొలక మాయమయ్యేది. కుడి కంటికి శుక్లం తీయించి లోపల కొత్త లెన్సు వేయించుకున్నాక ఎదుటివాళ్ళ మొహాలైతే తేటగా కనపడ్డాయి గానీ, ఆ మొలక మాత్రం ఇక దొరకలేదు.

అప్పుడు కొన్నాడు రెడ్ డాట్. అగ్గిపెట్టెకి సగం ఉండే చిన్న అద్దపు కిటికీ అది. పిస్టల్ నెత్తిన బిగించి లోపలికి చూస్తే ఒక ఎర్ర చుక్క తేలుతూ కనిపిస్తుంది. చుక్కని గురి మీద పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. ఆ రోజు సింగరయ్య తన విత్తనాల కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ వేరుశనగ విత్తనాలతో పాటు ఈ చుక్క సంగతి కూడా చెప్పి పంపించాడు.

నెత్తిన చుక్క వచ్చాక కడుపులో స్ప్రింగులు ఊరుకుంటాయా? పిస్టల్ పేలాక వెనక్కి పోయిన పై భాగాన్ని ముందుకు నెట్టే స్ప్రింగు ఒకటి ఉంటుంది. అది మరీ గట్టిదైతే ఖాళీ తూటా గొట్టం బయటికి రాక ఇరుక్కుంటుంది, మరీ మెత్తనిదైతే పిస్టల్ చేతిలో గంతులేస్తుంది. సుత్తిని కొట్టించే స్ప్రింగు ఇంకొకటి. అది కాస్త వదులైతే ట్రిగ్గర్ వెన్నలా జారుతుంది, ఇంకాస్త వదులైతే టిక్కుమంటుంది తప్ప పేలదు. ఈ కాస్తకీ ఇంకాస్తకీ మధ్య ఎక్కడో సరైన చోటు ఉందని సింగరయ్య నమ్మకం. దాన్ని వెతుక్కుంటూ రోజూ అన్నాల బల్ల మీద పాత పేపరు పరిచి కూర్చునేవాడు.

ఒకరోజు స్ప్రింగు చేతిలోంచి ఎగిరి పప్పు గిన్నెలో పడింది.

"పప్పులో తిరగమాత గింజలుంటయ్యి గానీ, స్ప్రింగులుంటయ్యా ఏడన్నా?" అంది ఆయన భార్య తిరుపతమ్మ, గరిటెతో దాన్ని బయటికి తీస్తూ.

"తుడిచియ్యవే, మంచి స్ప్రింగది. ఈసారి జాతీయ పోటీలకి పోయేది దాంతోనే."

"ఏటా ఇదే మాటంటావుగా."

"ఏటా వేరు, ఈయేడు వేరు. ఓపెన్ విభాగమని కొత్తది పెట్టారు. చుక్కలూ స్ప్రింగులూ మార్చుకున్నోళ్ళకే అది. మన సంఘం నుంచి ఒకణ్ణి నేరుగా పంపిస్తారు. పతకం రాకపోయినా పర్లేదే. ఒక్కసారి అక్కడ నిలబడి పేల్చాల. వచ్చే ఏటికి రెండో కన్ను కూడా పోయిందనుకో, ఇంక నేను బెండ విత్తనమేదో గోంగూర విత్తనమేదో తడిమి చూసుకోవాల్సిందే."

తిరుపతమ్మ స్ప్రింగు కడిగి, చీర చెంగుతో తుడిచి ఇచ్చింది.

ఇదిలా ఉండగా రామకూరుపేట పిస్టల్ క్రీడా సంఘానికి శిక్షణ శిబిరం పెట్టాలని బుద్ధి పుట్టింది. హైదరాబాదు నుంచి మైండ్ కోచ్ ఒకాయన వచ్చాడు. నల్ల బనియను వేసుకుని, చెంప మీద మైకు అతికించుకుని, అందరినీ కళ్ళు మూసుకోమన్నాడు.

"మీ చెయ్యి ఎక్కడ ఆగుతోంది? పిస్టల్ ఎక్కడ మొదలవుతోంది?" అని గొంతు తగ్గించి అడిగాడు. "ఆగదు. మొదలవదు. మీరే పిస్టల్. పిస్టలే మీరు."

చప్పట్లు మోగిపోయాయి. సంఘం కార్యదర్శి విశ్వనాథ ప్రసాద్ గారికైతే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయిన మనిషి. ఏ మంచి మాట విన్నా దాన్ని ఉత్తర్వుగా మార్చేదాకా ఆయనకి నిద్ర పట్టదు. అధ్యక్షుడి కుర్చీ కోసం సంఘంలో రెండు వర్గాలు కొట్టుకుని అది ఏడాదిగా ఖాళీగా ఉండడంతో, ఆయన్ని ఆపేవాళ్ళు కూడా లేరు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు.

"ఇందుమూలముగా సభ్యులకు తెలియజేయునది ఏమనగా, షూటరు మరియు పిస్టలు వేర్వేరు కావని నిపుణులు ధ్రువీకరించినందున, ఇకపై సదరు ఇరువురిని ఏక యూనిట్‌గా పరిగణించవలెననియు, పిస్టలుకు వర్తించు నిబంధనలన్నియు షూటరుకును, షూటరుకు వర్తించునవన్నియు పిస్టలుకును యథాతథముగా వర్తించుననియు తీర్మానించడమైనది."

సింగరయ్య కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఆయన పక్కనే ఖాదర్ వలీ నిలబడి ఉన్నాడు. బస్టాండు దగ్గర టైర్ల కొట్టు ఖాదర్‌ది. గురిలో సింగరయ్యకి గట్టి పోటీ, టీ దగ్గర ప్రాణ స్నేహితుడు.

"ఏందన్నా దీనర్థం?" అన్నాడు ఖాదర్.

"ఏముంది, గౌరవంగా రాశార్లే. పిస్టల్ని బాగా చూసుకోమని."

పిస్టల్‌కి సభ్యత్వ కార్డు కావాలి, రెండు ఫోటోలు ఇవ్వండని గుమాస్తా అడిగినప్పుడు కూడా సింగరయ్య గౌరవమే అనుకున్నాడు. పక్కనుంచి తీసిన ఫోటో ఇస్తే గుమాస్తా తిప్పికొట్టాడు. రెండు చెవులూ కనపడాలట. తండ్రి పేరు అన్నచోట ఆ పిస్టల్ తయారుచేసిన కంపెనీ పేరు రాసిచ్చాడు సింగరయ్య. చిరునామా తన ఇంటిదే ఇచ్చాడు. చిరునామా ఒకటే అయినందుకు గుమాస్తా చాలా సంతోషించాడు.

ఎంపిక పోటీ రోజు పొద్దున పరికరాల తనిఖీ మొదలైంది. తనిఖీ అధికారి గోవర్ధన్ గారు తూనికలు కొలతల శాఖలో ఉన్నప్పుడు కూరగాయల బళ్ళవాళ్ళు ఆయన్ని దూరంనుంచి చూసే తట్టలు సర్దుకునేవారని పేరు. మామూలుగా అయితే పిస్టల్ ట్రిగ్గర్‌కి కిలో గుండు వేలాడదీసి పైకెత్తి చూస్తారు. సుత్తి పడకపోతే పాసైనట్టు. సింగరయ్య పిస్టల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"అది తర్వాత. వేలు చాపండి," అన్నారు గోవర్ధన్ గారు.

సింగరయ్య చూపుడు వేలు చాపాడు. దానికి గుండు తగిలించారు.

"ఎత్తండి... ఊఁ. వంగలేదు. ట్రిగ్గరు బరువు నిబంధనలకు లోబడి ఉన్నది."

"ట్రిగ్గరు మీద పెట్టలేదు గద సార్?"

"పెట్టాం కదండీ. యూనిట్ ఒకటే అయినప్పుడు ఎక్కడ పెడితే ఏం? సరే. తయారీ నాటి స్థితి నుంచి ఏమన్నా మార్పులు చేయించారా?"

"చేయించా సార్. పైన రెడ్ డాటు పెట్టా. లోపల స్ప్రింగులు మార్చా."

"అది పిస్టల్ భాగం. మీ భాగం చెప్పండి."

"నాకేం మార్పులుంటయ్ సార్? మా అమ్మ కన్నది కన్నట్టే ఉన్నా."

గోవర్ధన్ గారు టార్చిలైటు తీసి సింగరయ్య కుడి కంట్లోకి కొట్టారు. లోపల ఏదో తళుక్కుమంది. ఆయన మొహం కూడా తళుక్కుమంది, దొంగ తూకంరాయి దొరికినప్పటిలాగా.

"ఇదేంటి?"

"శుక్లం తీసి లెన్సు వేశారు సార్. కంటి డాక్టరు..."

"ఓపెన్ విభాగంలో ఒక యూనిట్‌కి ఒక ఆప్టిక్, అనగా చూపుకి సాయపడే ఒక అద్దం, మాత్రమే అనుమతి. మీకు నెత్తిన ఒకటి, కంట్లో ఒకటి. వెరసి రెండు. ఒకటి తీసెయ్యాలి."

"ఏది తీసేది సార్?"

"అది మీ ఇష్టం. మీ స్వేచ్ఛలో సంఘం జోక్యం చేసుకోదు."

డాట్ తీస్తే మొలక దొరకదు. లెన్సు తీస్తే గురి పెట్టే గోడే కనపడదు. సింగరయ్య చేతులు జోడించి బతిమాలుకున్నాడు. ఈలోగా కార్యదర్శి గారు వచ్చి సంగతి విని, దయగల మనిషి కాబట్టి, దారి చూపించారు.

"ఆప్టిక్ ఉండటం వేరు, వినియోగించటం వేరు. వినియోగంలో లేని ఆప్టిక్‌ను సీలు చేయవచ్చు."

అలా సింగరయ్య కుడి కంటి మీద దూది పెట్టి, ప్లాస్టరు వేసి, దాని మీద సంఘం ముద్ర కొట్టారు. ముద్ర చెరిగితే అనర్హుడని హెచ్చరించారు. ఇక మిగిలింది ఎడమ కన్ను. దాంట్లో కూడా శుక్లం మొదలైందన్న సంగతి సింగరయ్య ఎవరికీ చెప్పలేదు.

ఖాదర్ వలీ పరిస్థితి ఇంకోలా ఉంది. రెండేళ్ళ కిందట ఆయనకి గుండెపోటు వస్తే రక్తనాళంలో స్టెంటు వేశారు. ఆ మాట నోరు జారి చెప్పాడు.

"స్టెంటు అనగా?" అన్నారు గోవర్ధన్ గారు.

"సన్న తీగల గొట్టం సార్. రక్తనాళం మూసుకుపోకుండా లోపల్నుంచి నెట్టిపట్టుకోని ఉంటది."

"తీగ. లోపలినుంచి నెట్టుతుంది. అంటే స్ప్రింగే. స్ప్రింగులన్నీ విప్పి తనిఖీకి సమర్పించాలి."

"విప్పితే పోతా గద సార్!"

"తనిఖీ అయిన వెంటనే తిరిగి బిగించుకోవచ్చు. అభ్యంతరం లేదు."

ఖాదర్ పోటీలోంచి తప్పుకుని, కుర్చీ తెచ్చుకుని మైదానం చుట్టూ కట్టిన తాడు బయట కూర్చున్నాడు. అనర్హులై బయటికొస్తున్నవాళ్ళకి ఆయన తోడు దొరికింది. పంటికి తొడుగున్న టీచరు గారొకరు, మోకాలి చిప్ప మార్పించుకున్న కాంట్రాక్టరు ఒకరు, జుట్టుకి రంగేసుకున్నాయన ఒకరు. రంగేసుకున్నాయన నేరం తయారీ నాటి రంగు మార్చడం.

"అన్నా, నువ్వన్నా గెలువు," అని తాడు అవతలి నుంచి అరిచాడు ఖాదర్. "నా గుండెకి పర్మిషను లేదంట. నీకు కన్నొకటన్నా వదిలారు!"

"నోర్మూసుకోరా తమ్ముడూ, నవ్వొస్తే ముద్ర ఊడుద్ది!"

నిలబడి పేల్చే గీత దగ్గరికి సింగరయ్య పోబోతుంటే గోవర్ధన్ గారు మళ్ళీ అడ్డం వచ్చారు. "నోరు తెరవండి. పొద్దున ఏమన్నా తిన్నారా?"

"ఉప్మా తిన్నా సార్."

"అంటే లోడయి ఉన్నారు. ఆజ్ఞ ఇవ్వకముందే లోడ్ చేసిన యూనిట్‌ను గీత దగ్గరికి అనుమతించం."

ఉప్మా అరిగేదాకా సింగరయ్యని మైదానం చుట్టూ నడిపించారు. మిగతావాళ్ళని కూడా నడిపించారు, ఎందుకంటే రామకూరుపేటలో పొద్దున్నే ఏమీ తినకుండా బయటికొచ్చే మగాడు లేడు. చివరికి అందరూ గీత మీద నిలబడ్డాక "లోడ్!" అని కేక వినపడింది. వాళ్ళందరూ పిస్టల్‌లో తూటాలు దోపి, పక్కన ఆకులో పెట్టిన ఇడ్లీ నోట్లో పెట్టుకున్నారు. నిబంధన ప్రకారం రెండూ ఒకేసారి జరగాలి. ఒకాయనకి కంగారులో ఇడ్లీ గొంతుకి అడ్డం పడితే, "యూనిట్ జామ్ అయింది, గొట్టం కిందికి దించండి!" అని అరిచారు గోవర్ధన్ గారు. ఆయన్ని తల కిందికి వంచి వీపు మీద చరిచారు.

మొదటి రౌండు అయ్యాక భోజన విరామం. విరామంలో పిస్టళ్ళన్నిటినీ ఆయుధాల గదిలో పెట్టి తాళం వేయడం మొదటినుంచీ ఉన్న నియమం. కాబట్టి షూటర్లని కూడా పెట్టి తాళం వేశారు.

తిరుపతమ్మ క్యారేజీ పట్టుకొచ్చేసరికి మొగుడు ఊచల కిటికీ వెనక, ఒంటికన్నుతో, పిస్టల్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె క్యారేజీ కింద పెట్టేసింది.

"ఏమయ్యా! ఏం చేశావయ్యా? ఎవర్ని కాల్చావు?"

"ఎవర్నీ కాల్చలా. భోజనాలకి ఒదిలారు."

"ఒదిలితే ఇక్కడుండావేంది? ఆ కంటికేమైంది? ఆ ముద్దరేంది? పశువుల సంతలో ఏసినట్టు ఏశారే!"

"నెమ్మదిగా మాట్లాడు. మూడో స్థానంలో ఉండా. చుక్క చెదిరిపోయి కుంకం చిమ్మినట్టు కనపడతంది. ఆ కుంకం మధ్యలో గురి పెట్టి నొక్కుతన్నా."

ఆమె ఊచల్లోంచి పప్పన్నం ముద్ద ఒకటి లోపలికి చాచింది. కాపలావాడు పరుగున వచ్చి, ఆయుధాల గదిలో లోడ్ చేయడం నేరమని ఆపాడు. తిరుపతమ్మ ఆ ముద్దని కాపలావాడి చేతిలో పెట్టి, "నువ్వన్నా తిను నాయనా, నువ్వు మనిషివిగా," అంది.

రెండో రౌండులో సింగరయ్య ఒకటే పని చేశాడు. కన్ను సంగతి మర్చిపోయాడు. ఇన్నాళ్ళూ పప్పులోంచీ సాంబారులోంచీ ఏరుకున్న స్ప్రింగుల్లో చివరిగా బిగించిన జత పుణ్యమా అని పిస్టల్ ప్రతిసారీ లేచిన చోటికే వచ్చి కూర్చుంది. లేచి కూర్చునే దాని లయని చేత్తో వింటూ పేల్చుకుంటూ పోయాడు. ఫలితాలు చదివేటప్పటికి మొదటి పేరు ఆయనదే. కార్యదర్శి గారు మైకులో, "ప్రథమ స్థానం, పిస్టల్ సహిత సింగరయ్య," అని ప్రకటించారు. ఖాదర్ తాడు తెంపుకుని వచ్చి ఎత్తుకోబోయి, గుండె గుర్తొచ్చి దించేశాడు.

జాతీయ పోటీలకి ప్రయాణం. కార్యదర్శి గారు పర్యవేక్షకుడి హోదాలో తనకొక టికెట్టు, యూనిట్‌కి ఒక టికెట్టు తీశారు.

"ఒకటే తీశారేంది సార్? పెట్టె నా ఒళ్ళోనే పెట్టుకుంటాలే," అన్నాడు సింగరయ్య.

"ఒళ్ళో పెట్టుకోవటం ఏమిటండీ? యూనిట్‌కి ఒక బెర్తు ఇచ్చాం. యూనిట్‌లో విలువైన భాగం బెర్తు మీద ఉంటుంది. అసలు నేను పిస్టల్‌ను మాత్రమే తీసుకుపోదామని ప్రతిపాదించాను. భోజనం ఖర్చు ఉండదు. కానీ పెట్టెలో ఉండవలసిన ఉపకరణాల జాబితా చూశాక ఆగాను. తూటాల అరలు, శుభ్రం చేసే కడ్డీ, నూనె సీసా, షూటరు. ఏది లేకపోయినా పెట్టె అసంపూర్ణం."

సింగరయ్య ఒక్క క్షణం ఆలోచించాడు. నూనె సీసా తర్వాత అయితేనేం, వెళ్ళడమైతే వెళుతున్నాడు.

"సరే సార్. నేను కడ్డీ పక్కన కూర్చుంటా," అన్నాడు.

దిగువ బెర్తు మీద పిస్టల్ పెట్టె దుప్పటి కప్పుకుని పడుకుంది. సింగరయ్య కంటి మీద ముద్ర చెరగకుండా కాపాడుకుంటూ దాని కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఎదుటి సీటులో ఉన్న పెద్దావిడ జాలిపడి, లోపల ఎవరి అస్థికలు నాయనా అని అడిగింది.

జాతీయ పోటీల దగ్గర సింగరయ్య గీత మీద నిలబడి "లోడ్" అనగానే జేబులోంచి ఇడ్లీ తీశాడు. అక్కడి అధికారి వింతగా చూసి, మీరు తినాలంటే ముందే తిని రావొచ్చు కదా అన్నాడు. కంటి మీద ముద్ర చూసి, అదేంటని అడిగాడు. ఏమీ లేదంటే, లేకపోతే తీసెయ్యండి అన్నాడు. సింగరయ్య ప్లాస్టరు లాగేశాడు. కుడి కంట్లోకి ప్రపంచం ఒక్కసారిగా వచ్చిపడింది. ఎదురుగా గురి, దాని మీద గుండ్రంగా, చెదరకుండా, ఒక్కటే ఒక్క ఎర్ర చుక్క. ఆ చుక్కని చూస్తూ ఆయన కాసేపు పేల్చడం కూడా మర్చిపోయాడు.

ఆయనకి మూడో స్థానం వచ్చింది.

రామకూరుపేటలో సన్మాన సభ పెట్టారు. వేదిక మధ్యన ఎత్తైన కుర్చీలో ఎర్ర పట్టు గుడ్డ పరిచి, తూటాలు తీసేసిన పిస్టల్‌ని కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. గులాబీల దండ వేశారు, అది మరీ పెద్దదై పిస్టల్ కనపడకుండా పోతే పక్కకి జరిపారు. పతకం గొట్టానికి తగిలించారు. ఫోటోలు తీసేటప్పుడు సింగరయ్య పక్కన నిలబడబోతే, "ఉపకరణాలు కొంచెం పక్కకి," అన్నాడు ఫోటోగ్రాఫరు.

"ఇప్పుడు విజేతను తమ అమూల్య సందేశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాం," అన్నారు కార్యదర్శి గారు. మైకు తీసుకెళ్ళి పిస్టల్ ముందు పెట్టారు.

సభంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. ఫ్యాను కిర్రుకిర్రుమంది. చాలాసేపటికి కార్యదర్శి గారు మైకు వెనక్కి తీసుకుని, "ఇంత హుందాగా, ఇంత క్లుప్తంగా మాట్లాడిన విజేతను నా సర్వీసులో చూడలేదు," అన్నారు. చప్పట్లు ఆగలేదు.

ఆ చప్పట్లలో రెండు వర్గాలవాళ్ళకీ ఒకే ఆలోచన వచ్చింది. ఖాళీగా ఉన్న అధ్యక్షుడి కుర్చీలో ఈ పిస్టల్‌ని కూర్చోబెడితే? అవతలి వర్గం మనిషి కాదు. నోరెత్తదు. ఖర్చుల లెక్క అడగదు. ఒకాయన ప్రతిపాదించాడు, ఇంకొకాయన బలపరిచాడు. ఏకగ్రీవం. పిస్టల్‌కి ఇంకో దండ పడింది.

అప్పుడు వెనక వరసలోంచి ఖాదర్ వలీ అరిచాడు. "అన్నా! పిస్టలు అధ్యక్షుడైతే నువ్వెవరు?"

సింగరయ్య వేదిక మూల నిలబడి, చేతిలో నూనె సీసా పట్టుకుని, ఆ మాట రెండుసార్లు లోపల తిప్పుకున్నాడు. తర్వాత మెల్లగా వచ్చి మైకు అందుకున్నాడు.

"కార్యదర్శి గారూ, మేమిద్దరం ఒకటే యూనిట్ గదా?"

"నిస్సందేహంగా."

"అయితే అధ్యక్షుణ్ణి నేనే. నా మొదటి ఉత్తర్వు రాసుకోండి."

కార్యదర్శి గారు ఉత్తర్వు అన్న మాట వినగానే అలవాటుగా కలం తీశారు. రెండు వర్గాలవాళ్ళూ మొహమొహాలు చూసుకున్నారు.

"ఇవాళ్టి నుంచి మనిషి మనిషే, పిస్టలు పిస్టలే. మనిషి కన్ను మనిషిది. గుండెలో ఏమున్నా అది వాడి సొంతం. పిస్టల్ స్ప్రింగు చూసుకోండి, మనిషిని అన్నం తిననీండి. అంతే."

తర్వాత పంటి తొడుగు టీచరు, మోకాలి చిప్ప కాంట్రాక్టరు, రంగు జుట్టాయన, అందరూ లేచి నిలబడ్డారు. ఖాదర్ ఈల వేశాడు. సింగరయ్య సంతకం పెట్టాడు. కార్యదర్శి గారు కాగితం మీద ఊది, మడిచి, జేబులో పెట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నారు.

"ఉత్తర్వు తక్షణం అమలులోకి వచ్చినందున, సింగరయ్య గారూ, తమరు ఇక అధ్యక్షులవారు కారు. అధ్యక్షులవారు కుర్చీలో ఉన్నారు. తమరు దయచేసి వేదిక దిగండి."

సింగరయ్య దిగాడు. మళ్ళీ వెనక్కి తిరిగి, "నా పిస్టలు సార్, ఇంటికి తీసుకుపోవాల," అన్నాడు.

"అధ్యక్షులవారిని చేత్తో పట్టుకుపోవటం మర్యాద కాదు. కారు ఏర్పాటు చేశాం. లైసెన్సు మీ ఇంటి చిరునామా మీద ఉన్నందున వారి విడిది మీ ఇల్లే."

సంఘం జెండా కట్టిన తెల్ల కారు ముందు పోతోంది. వెనక సీట్లో పెట్టె, పెట్టె మీద శాలువా. కారు వెనక స్కూటర్ మీద సింగరయ్యా, తిరుపతమ్మా. బజారులో జనం కారుకి దండాలు పెడుతున్నారు. కారు పోయాక లేచిన దుమ్మంతా వీళ్ళిద్దరి మీదే పడుతోంది.

తిరుపతమ్మ మొగుడి భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి అడిగింది. "అది అధ్యక్షుడైంది, సరే. ఇంతకీ నువ్వేమయ్యావు?"

"మనిషినయ్యానే."

"అంతేనా?"

సింగరయ్య హారన్ కొట్టాడు. ముందున్న కారు దారి ఇవ్వలేదు.

"అంతే," అన్నాడు. "దానికే ఇంత తంటా పడ్డాం."